పిట్ట కన్ను కాదు, ఫ్రంట్ సైట్

“ఏం కనిపిస్తోంది?” అని అడిగారు కోచ్ సర్.

నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. ఈ ప్రశ్నకి ఆన్సర్ తెలియని తెలుగువాళ్లు ఉంటారా? స్కూల్లో మోరల్ సైన్స్ పీరియడ్‌లో విన్నాం. ఇంటర్‌లో కోచింగ్ హాల్ గోడ మీద పోస్టర్‌గా చూశాం. కాలేజీలో చేరిన మొదటి రోజు కూడా స్టేజి మీద నుంచి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చెట్టు కనిపించకూడదు, కొమ్మ కనిపించకూడదు, పిట్ట కన్ను ఒక్కటే కనిపించాలి.

“నల్ల చుక్క సర్. అది తప్ప ఇంకేమీ కనిపించట్లేదు” అన్నాను, అర్జునుడి లెవెల్లో.

“అందుకే ఐదులు, ఆరులు పడుతున్నాయి. కనిపించాల్సింది అది కాదు” అన్నారు ఆయన.

ఫస్టియర్ అయిపోయాక వచ్చిన సెలవుల్లో మా ఇంటి దగ్గర రేంజ్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకోవడానికి చేరాను. అప్పటి మాట ఇది. నేను పెద్ద షూటర్‌ని కాదు, ఇంకా నేర్చుకుంటున్నాను. కానీ ఈ మధ్య మన క్యాంపస్‌లో కొంతమంది జూనియర్స్ పిస్టల్ వైపు వస్తున్నారు. పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్‌ని చూసి కొందరు, మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్‌ని చూసి కొందరు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో ఈషా పిస్టల్‌తో నాలుగు పతకాలు తెచ్చింది కదా. ఈ జూనియర్స్‌కి సీనియర్స్ ఇచ్చే మొదటి సలహా ఒక్కటే: “టార్గెట్ మీద ఫోకస్ పెట్టు బ్రో.” ఆ సలహా తప్పు అని చెప్పడానికే ఈ వ్యాసం. ఓపెన్ సైట్ పిస్టల్‌తో కాలుస్తున్నప్పుడు కన్ను ఉండాల్సింది టార్గెట్ మీద కాదు, ఫ్రంట్ సైట్ మీద. టార్గెట్ మసకగానే ఉండాలి.

ముందు వస్తువు ఎలా ఉంటుందో చెప్తాను. ఎయిర్ పిస్టల్ వెనక వైపు, అంటే మన కంటికి దగ్గరగా, మధ్యలో చదరంగా గాడి ఉన్న ఒక రేకు ఉంటుంది. అది రియర్ సైట్. గొట్టం చివర నిలబెట్టిన నల్లటి చిన్న దిమ్మె లాంటిది ఫ్రంట్ సైట్. గాడి మధ్యలో ఫ్రంట్ సైట్ నిలబడాలి, రెండు పక్కలా సమానంగా వెలుతురు కనిపించాలి, పైఅంచులు రెండూ ఒకే గీతలో ఉండాలి. అంతే. లెన్స్ లేదు, లేజర్ లేదు. ఒలింపిక్ ఎయిర్ పిస్టల్‌లో అవి ఒప్పుకోరు కూడా. పట్టుకోవడం కూడా ఒంటి చేత్తోనే.

అంటే మన కంటి ముందు మూడు వస్తువులు మూడు దూరాల్లో ఉన్నాయి. రియర్ సైట్ చేతి దూరంలో, ఫ్రంట్ సైట్ ఇంకొంచెం అవతల, సుమారు మీటరు దూరంలో, టార్గెట్ పది మీటర్ల దూరంలో. కంటికి ఉన్నది ఒక్క లెన్స్. అది ఒకసారికి ఒక దూరానికే సరిపడేలా మారుతుంది. ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ పెడితే ముఖం స్పష్టంగా వచ్చి వెనక గోడ మసకబారుతుంది చూడండి, అలాగన్నమాట. మూడూ ఒకేసారి స్పష్టంగా చూడాలనుకోవడం అయ్యే పని కాదు.

నమ్మకపోతే చిన్న ప్రయోగం. చెయ్యి పూర్తిగా చాపి బొటనవేలు పైకి పెట్టండి. వేలి వెనక దూరంగా గోడ గడియారమో, నోటీస్ బోర్డో ఉండాలి. ఒక కన్ను మూసి గోరు మీద గీతల్ని చూడండి. గడియారం అంకెలు కరిగిపోతాయి. ఇప్పుడు అంకెలు చదవండి. గోరు మీద గీతలు పోతాయి. రెండూ ఒకేసారి ఎవరికీ రావు. కాబట్టి అసలు ప్రశ్న “ఫోకస్ పెట్టాలా వద్దా” అని కాదు. ఏది మసకబారినా పర్వాలేదు, ఏది మసకబారితే కొంప మునుగుతుంది?

దీనికి జవాబు లెక్కలో ఉంది. మనం ఇంజినీరింగ్ వాళ్లం కాబట్టి లెక్క చేద్దాం.

10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్ మధ్యలో పది పాయింట్ల వృత్తం వ్యాసం 11.5 మి.మీ. చుట్టూ ఉన్న నల్ల భాగం మొత్తం వ్యాసం 59.5 మి.మీ. పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. పెల్లెట్ అంచు గీతని తాకినా ఆ పాయింట్ ఇస్తారు. కాబట్టి పెల్లెట్ మధ్యభాగం సెంటర్ నుంచి 8 మి.మీ. వరకు పక్కకి వెళ్లినా పదే.

మొదటి రకం తప్పు: రెండు సైట్లు సరిగ్గా ఒకే వరుసలో ఉన్నాయి, కానీ చెయ్యి ఊగడం వల్ల ఆ వరుస మొత్తం టార్గెట్ మీద 5 మి.మీ. పక్కకి జరిగింది. పెల్లెట్ కూడా 5 మి.మీ. పక్కనే పడుతుంది. పది వచ్చినట్టే.

రెండో రకం తప్పు: చెయ్యి బాగానే ఉంది, కానీ ఫ్రంట్ సైట్ గాడి మధ్యలో లేదు, ఒక్క మిల్లీమీటరు పక్కకి ఉంది. రెండు సైట్ల మధ్య దూరం 32 సెం.మీ. అనుకుందాం. పది మీటర్లని 0.32 మీటర్లతో భాగిస్తే సుమారు 31. అంటే ఇక్కడ చేసిన ఒక మిల్లీమీటరు తప్పు అక్కడికి వెళ్లేసరికి 31 మి.మీ. అవుతుంది. పది పోయి ఏడు పడుతుంది.

ఒక తప్పు ఉన్నది ఉన్నట్టుగా వెళ్తోంది. ఇంకోటి 31 రెట్లు పెరిగి వెళ్తోంది. నేనేమో ఆ 31 రెట్ల బగ్‌ని వదిలేసి, ఏ హానీ చెయ్యని బగ్‌ని పట్టుకుని కూర్చున్నాను. నల్ల చుక్కని స్పష్టంగా చూస్తున్నంతసేపూ సైట్ల మధ్య జరిగే ఆ చిన్న తేడా నా కంటికి ఆనదు, ఎందుకంటే అవి మసకలో ఉన్నాయి. టార్గెట్ మసకగా ఉంటే మాత్రం వచ్చే నష్టం తక్కువ. అంత పెద్ద నల్ల వృత్తం మసకబారినా ఎక్కడుందో తెలుస్తూనే ఉంటుంది.

ఇంకో సంగతి వింటే నాలాగే మీరూ ఆశ్చర్యపోతారు. పదులు కొట్టేవాళ్లలో చాలామంది పది వైపు గురి కూడా పెట్టరు. నల్లటి ఫ్రంట్ సైట్‌ని నల్ల చుక్క మీద పెడితే అంచు ఎక్కడుందో తెలియదు. అందుకని నల్ల భాగానికి కింద, తెల్లకాగితం మీద సైట్ నిలబెడతారు. అక్కడ పెడితే పెల్లెట్ మధ్యలో పడేలా ముందే సైట్లని సరిచేసుకుంటారు. అంటే కన్ను టార్గెట్ మీద లేదు, గురి కూడా పది మీద లేదు. పెల్లెట్ మాత్రం పదిలో పడుతుంది.

ఇదంతా కోచ్ సర్ ఒక్కరోజులో చెప్పలేదు. ఆ రోజు ఆయన చేసింది ఒక్కటే. వెళ్లి టార్గెట్ కాగితాన్ని తిరగేసి పెట్టారు. చుక్క లేదు, వృత్తాలు లేవు, ఉత్త తెల్లకాగితం. “ఫ్రంట్ సైట్ అంచు చూస్తూ మెల్లగా ట్రిగ్గర్ నొక్కు. ఎక్కడ పడిందో అడక్కు” అన్నారు. పది పెల్లెట్లు కొట్టాక కాగితం తెప్పించి చూపించారు. అంతకుముందు నల్ల చుక్కని గురిచూసి కొట్టినప్పుడు రంధ్రాలు భోజనం ప్లేటంత మేర పడ్డాయి. ఇప్పుడు టీ సాసరంత చోటులో ఉన్నాయి. కొట్టడానికి ఏమీ లేనప్పుడే నేను బాగా కొట్టాను.

ఇక అభ్యంతరాలకి వద్దాం. హాస్టల్లో ఈ విషయం మీద రెండు రాత్రులు వాదించాం కాబట్టి అవన్నీ నాకు కంఠతా వచ్చు.

మొదటిది, పారిస్ మీమ్. 2024 ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ మామూలు కళ్లద్దాలతో, జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడి మిక్స్‌డ్ టీమ్‌లో సిల్వర్ కొట్టాడు. అదే పోటీల్లో కొరియా షూటర్ కిమ్ యెజి కంటి ముందు లెన్స్, ఇంకో కంటికి అడ్డంగా రేకు పెట్టుకుని సైన్స్ ఫిక్షన్ సినిమాలోంచి వచ్చినట్టు నిలబడి సిల్వర్ కొట్టింది. మనవాళ్లు ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన పెట్టి “చూశావా, టాలెంట్ ఉంటే ఏ గొడవా అక్కర్లేదు” అని తేల్చేశారు. డికెచ్ రెండు కళ్లూ తెరిచి కాలుస్తానన్నాడు కాబట్టి “ఫ్రంట్ సైట్ గొడవ కూడా ఉత్తదే” అన్నాడు మా రూమ్మేట్.

కానీ ఇద్దరి చేతిలో ఉన్నదీ ఓపెన్ సైట్ పిస్టలే. కంటికి రేకు అడ్డం పెట్టుకునేది రెండో కంటి బొమ్మ వచ్చి గందరగోళం చెయ్యకుండా. లెన్స్ పెట్టుకునేది సైట్లు స్పష్టంగా కనిపించడానికి. అవి లేకుండా అలవాటైన వాళ్లు లేకుండానే కాలుస్తారు. రెండు కళ్లు తెరవడం వేరు, కన్ను ఏ దూరంలో నిలబడిందన్నది వేరు. ఇక జేబులో చెయ్యి స్టైల్ కోసం కాదు. ఖాళీ చెయ్యి ఊగకుండా ఉండటానికి పిస్టల్ షూటర్లు చాలామంది అలాగే పెడతారు. మనం చేతిని చూశాం, అద్దాలని చూశాం. వాళ్ల చూపు ఎక్కడుందని మాత్రం అడగలేదు.

రెండోది బలమైన అభ్యంతరం. యూట్యూబ్‌లో పెద్ద పెద్ద షూటర్లు “టార్గెట్‌నే చూడండి” అని చెప్తున్న వీడియోలు బోలెడున్నాయి. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. ఐపీఎస్సీ లాంటి యాక్షన్ పోటీల్లో పరుగెడుతూ, చాలా దగ్గరలో ఉన్న పెద్ద టార్గెట్లని వేగంగా కాల్చాలి. అక్కడ చాలామంది పిస్టల్ మీద రెడ్ డాట్ ఉంటుంది. ఆ ఎర్ర చుక్క వెలుతురు కంటికి దూరంగా ఉన్నట్టే వస్తుంది. కాబట్టి టార్గెట్‌ని చూస్తుంటే చుక్క దాని మీదే స్పష్టంగా తేలుతుంది. రెండు సైట్లని వరుసలో పెట్టే పనే లేదు. అక్కడ టార్గెట్ చూడటమే కరెక్ట్. ఎగిరే మట్టి పళ్లేలని షాట్‌గన్‌తో కొట్టే ట్రాప్‌లో కూడా కన్ను పళ్లెం మీదే ఉండాలి, గన్ మీద కాదు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ వాళ్ల పరికరం వేరు, వాళ్ల దూరం వేరు. వాళ్ల ఆన్సర్‌ని తెచ్చి మన క్వశ్చన్ పేపర్‌లో రాస్తే మార్కులు రావు.

మూడోది అర్జునుడు. ద్రోణాచార్యులు తప్పు చెప్పారా అని మా రూమ్మేట్ కాస్త కోపంగానే అడిగాడు. లేదు. ఆ విల్లుకి సైట్లు లేవు. సైట్లు లేనప్పుడు కన్ను లక్ష్యం మీద ఉంటే చేతులు దాన్ని అనుసరిస్తాయి. బంతి విసిరేటప్పుడు మనం వికెట్లనే చూస్తాం కదా, చేతిని చూడం. అదీగాక అదే అర్జునుడు మత్స్యయంత్రాన్ని కొట్టిన కథ మనం ఎన్ని సినిమాల్లో చూశాం! పైన తిరుగుతున్న చేపని చూడకుండా కింద నీళ్లలో నీడని చూస్తూ బాణం పైకి వేశాడు. ఒక పరీక్షలో లక్ష్యం వైపే చూశాడు, ఇంకో పరీక్షలో లక్ష్యం వైపు తలెత్తలేదు. ఏ పనికి కన్ను ఎక్కడుండాలో తెలియడం కూడా విలువిద్యే. గోడ మీద పోస్టర్ వేసినవాళ్లు మొదటి కథ తీసుకుని రెండోది వదిలేశారు.

ఇదంతా తెలిసీ నేను తప్పు చేశాను. అది చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు.

నా మొదటి పోటీ. అరవై షాట్లు, డెబ్బై ఐదు నిమిషాలు. యాభై షాట్ల దాకా బాగానే వెళ్లింది. నాకు బాగా అంటే ఎనిమిదిన్నర సగటు. పక్కన మానిటర్‌లో స్కోర్ కనిపిస్తూ ఉంటుంది. చివరి పది షాట్ల ముందు దాన్ని చూసి లెక్క వేశాను. ఇంకో ఎనభై ఐదు కొడితే అనుకున్న నంబర్ దాటుతాను. అంతే, పిస్టల్ ఎత్తగానే నల్ల చుక్క ఎంత స్పష్టంగా కనిపించిందంటే, ఆ సీజన్ మొత్తంలో అంత బాగా ఎప్పుడూ కనిపించలేదు. ఏడు. ఇంకోటి, ఆరు. కంగారులో ఇంకా గట్టిగా చుక్కనే చూశాను. చివరి పదికి వచ్చింది డెబ్బై నాలుగు.

బయటికొచ్చాక నాన్న అడిగారు, “చివర్లో ఏమైందిరా?”

“చూశాను నాన్నా.”

“దేన్ని?”

“టార్గెట్‌ని.”

నాన్నకి అర్థం కాలేదు. టార్గెట్ చూస్తే తప్పేంటని ఆయన సందేహం. బస్సులో ఇంటికి వెళ్తూ బొటనవేలు, కిటికీ పెట్టి వివరించాను. విన్నాక ఆయన కాసేపు ఆగి, “ఇంటర్‌లో కూడా ఇదే చేశాం కదరా మనం” అన్నారు.

నిజమే. రెండేళ్లు నేను చూసింది ర్యాంకునే. వారం వారం టెస్ట్ ర్యాంకు నాన్న ఫోన్‌కి వచ్చేది, రాత్రి ఇద్దరం కూర్చుని పెరిగిందా తగ్గిందా చూసేవాళ్లం. కెమిస్ట్రీలో ఏ చాప్టర్ రావట్లేదో ఇద్దరిలో ఎవరూ అడగలేదు. ర్యాంకు మాకు అద్దంలా స్పష్టం, చాప్టర్ మసక. ఇది పిస్టల్ పాఠాన్ని లాక్కొచ్చి జీవితానికి అతికించడం అనుకుంటే అనుకోండి. అతికించింది నేను కాదు, మా నాన్న. కానీ ఇప్పుడు ప్లేస్‌మెంట్ ప్యాకేజీల గురించి సెకండియర్‌లోనే మొదలైన మాటలు వింటుంటే ఆ బస్సు గుర్తొస్తుంది. లక్ష్యం వద్దని నేను అనట్లేదు. టార్గెట్ లేకపోతే నిలబడే దిక్కే తెలియదు. అది ఎటుందో తెలుసుకున్నాక కన్ను వెనక్కి, చేతిలో ఉన్నదాని మీదకి రావాలి అంటున్నాను.

పారిస్‌లో మను భాకర్ 10 మీటర్ల ఫైనల్లో 221.7 దగ్గర ఆగి బ్రాంజ్ తెచ్చుకుంది. అప్పటికి రెండో స్థానానికీ ఆమెకీ తేడా 0.1. టార్గెట్ కాగితం మీద 0.1 అంటే 0.8 మి.మీ. దాన్ని మన 31తో భాగిస్తే ఫ్రంట్ సైట్ దగ్గర అది వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ స్థాయిలో పతకం రంగు మారేది అంత చిన్న తేడాతో.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. ఒకటి, మొదటి వారం రేంజ్‌లో పెల్లెట్ లేకుండా, లేదంటే ఉత్త తెల్లకాగితం మీద, కోచ్ ఎదురుగా ప్రాక్టీస్ అడగండి. బోర్ కొడుతుంది, చెయ్యండి. రెండు, ఎత్తాక ఎనిమిది, పది సెకన్లలో షాట్ పోకపోతే చెయ్యి దించేయండి. కన్ను అలిసి మెల్లగా టార్గెట్ వైపు జారిపోతుంది. ఒక్కో షాట్‌కి సగటున 75 సెకన్లు ఉన్నాయి, దించడానికి భయపడొద్దు. మూడు, ట్రిగ్గర్ పోయాక కూడా ఒక క్షణం ఫ్రంట్ సైట్‌నే చూడండి. మానిటర్ ఎక్కడికీ పారిపోదు. నాలుగు, నాలాగా కళ్లద్దాలు ఉన్నవాళ్లు కంటికీ ఫ్రంట్ సైట్‌కీ మధ్య దూరం టేపుతో కొలిపించుకుని కళ్ల డాక్టర్‌కి చెప్పండి. బోర్డు చదవడానికి ఇచ్చిన అద్దాలు ఈ పనికి సరిపోకపోవచ్చు.

చివరగా ఒక తెలుగు మాట. నేను ఇంగ్లిష్ మీడియం బాపతు. “గురి” అంటే ఎయిమ్ అనే అనుకున్నాను ఇన్నాళ్లూ. మొన్న అమ్మమ్మ ఫోన్‌లో కొత్త డాక్టర్ గురించి చెప్తూ “ఆయన మీద నాకు గురి కుదిరిందిరా” అంది. గురి అంటే నమ్మకం కూడా అట. టార్గెట్‌ని మసకగా వదిలేసి ట్రిగ్గర్ నొక్కడానికి కావాల్సింది ఆ రెండో గురే. నాకది ఇంకా పూర్తిగా కుదరలేదు. వచ్చే నెల ఇంకో పోటీ ఉంది. ఈసారి చివరి పది షాట్లకి ముందు మానిటర్‌ని పక్కకి తిప్పేద్దామని అనుకుంటున్నాను.